దారి ఇచ్చే పరుగు, దారి అడిగే పరుగు

గంటకు ఐదు కిలోమీటర్లు. పొద్దున్నే పార్కులో చేతులు ఊపుకుంటూ నడిచే రిటైర్డ్ మాస్టారి వేగం అది. ఐర్లండ్ నైరుతి మూలన జరిగే కెర్రీ వే అల్ట్రా పందెంలో సుమారు 200 కిలోమీటర్లను 40 గంటల గడువులో సరిగ్గా ముగించినవాడి సగటు కూడా అంతే. తూర్పున, డబ్లిన్ నగరానికి ఆనుకుని ఉన్న విక్లో కొండల్లో విక్లో రౌండ్ అనే ఇంకో పరీక్ష ఉంది. 26 శిఖరాలు, 100 కిలోమీటర్ల పైచిలుకు దూరం, 24 గంటల గడువు. అందులో గట్టెక్కడానికి గంటకు నాలుగున్నర కిలోమీటర్లు చాలు. రెండింటినీ పరుగనే అంటారు. ఏళ్ల తరబడి సాధన చేసిన కాళ్లు కూడా ఈ రెండింటి దగ్గరా బొబ్బలెక్కి కూలబడతాయి. ఇంత నెమ్మదైన పరుగు ఇంత కష్టం ఎందుకైంది? ఆ ప్రశ్నే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమంది.

మొదటిది మన పాఠకులకు బొత్తిగా కొత్తదేమీ కాదు. మారథాన్ హైదరాబాద్‌లో ఏటా జరుగుతోంది. ఛాతీ మీద నంబరు, బయల్దేరే గీత, దారిపొడవునా నీళ్ల బల్లలు, చివర మెడలో పతకం. 42.195 కిలోమీటర్ల ఆ తంతు చూసినవారికి కెర్రీ వే అల్ట్రా అదే తంతును నాలుగైదింతలు సాగదీసి, తారురోడ్డు మీంచి కొండవాలు మీదికి మార్చినట్టు కనిపిస్తుంది. మారథాన్ దూరం దాటిన పరుగు ఏదైనా అల్ట్రాయే కదా. విక్లో రౌండ్ అలా కాదు. దానికి బయల్దేరే గుంపు లేదు, తేదీ లేదు, మీతో పోటీపడే పక్కవాడు లేడు. ఐరిష్ మౌంటెన్ రన్నింగ్ అసోసియేషన్ శిఖరాల పేర్లూ వాటి వరుసా చెప్పి ఊరుకుంటుంది. ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి ఏ వాలు దిగాలి, ఏ వాగు ఎక్కడ దాటాలి అన్నది వెళ్లేవాడి తెలివికి వదిలేస్తుంది. ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో బాబ్ గ్రాహమ్ అనే ఆయన 1932లో 42 కొండలను 24 గంటల్లోపు చుట్టి వచ్చాడు. ఆయన పేరుతో పాతుకున్న రౌండ్ సంప్రదాయానికి విక్లో ఐరిష్ కొమ్మ. ఉత్తర ఐర్లండ్‌లోని మోర్న్ కొండల్లో 39 శిఖరాల డెనిస్ రాంకిన్ రౌండ్ దానికి చెల్లెలు.

ముందు కెర్రీ సంగతి. ఐవరా ద్వీపకల్పాన్ని చుట్టే కాలిబాట పేరు కెర్రీ వే. కిలార్నీ పట్నంలో మొదలై అక్కడికే తిరిగి వస్తుంది. సెప్టెంబరు మొదట్లో తెల్లవారుజామున బయల్దేరినవాళ్లు టోర్క్ జలపాతం పక్కనుంచి, ఓక్ చెట్ల కింద తడిసిన రాళ్ల మీదుగా బ్లాక్ వ్యాలీలోకి దిగుతారు. ఐర్లండ్ ప్రధాన భూభాగంలో కరెంటూ టెలిఫోనూ ఆఖరున చేరిన చోట్లలో ఆ లోయ ఒకటి. అక్కడినుంచి గ్లెన్‌కార్, గ్లెన్‌బే, సముద్రపు ఒడ్డున వాటర్‌విల్, కాహర్‌డానియల్, ఆపైన స్నీమ్, కెన్‌మేర్, మళ్లీ కిలార్నీ. దేశంలోకెల్లా ఎత్తైన కారన్‌టూల్ శిఖరం, 1,038 మీటర్లు, ఆ దారి పక్కనే తలెత్తి నిలబడి ఉంటుంది. కానీ దారి దాన్ని ఎక్కదు. కొండకూ కొండకూ మధ్య ఉన్న కనుమల్లోంచి, వంగి దణ్ణం పెట్టి పోతున్నట్టుగా, పక్కనుంచి పోతుంది.

విక్లోలో దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడి కొండలు కెర్రీ కొండలంత పొడవైనవి కావు. వాటిలో పెద్దదైన లగ్నక్విలా 925 మీటర్లే. కెర్రీవి ఇసుకరాతి కొండలు, మొనదేలి, రంపపు పళ్లలా ఉంటాయి. విక్లోవి గ్రానైట్ కొండలు, వీపులు గుండ్రంగా అరిగిపోయి, దూరం నుంచి చూస్తే పడుకున్న పశువుల మందలా ఉంటాయి. పైకి సాధువుల్లా కనిపించే ఆ కొండల ఒక్కొక్కదాని నెత్తిమీదా కాలు పెట్టి రావాలంటుంది రౌండ్. అన్నీ కూడితే ఎక్కుడు దాదాపు ఆరు వేల మీటర్లు. ఎత్తైన శిఖరం ఉన్న జిల్లాలో పరుగు శిఖరాన్ని తప్పించుకుంటుంటే, పొట్టి కొండల జిల్లాలో పరుగు ఒక్క శిఖరాన్నీ వదలనంటోంది. ఈ తేడా యాదృచ్ఛికం కాదు, దాని వెనక ఒక చరిత్ర ఉంది. అక్కడికి వస్తాను.

ముందు కాలం గురించి ఒక మాట. కెర్రీ పందెం తేదీ ఎప్పుడో ఖాయమైపోతుంది. ఆ రోజు అట్లాంటిక్ మీంచి తుఫాను వస్తే తుఫానే భాగస్వామి. సెప్టెంబరు రాత్రి పది గంటలకు పైగా ఉంటుంది కనుక, అందరికీ కనీసం ఒక చీకటి, నెమ్మదిగా వెళ్లేవాళ్లకు రెండో చీకటి కూడా తప్పదు. కాగా రౌండ్‌కి వెళ్లేవాడు పంచాంగం చూసి ముహూర్తం పెట్టుకున్నట్టే వాతావరణ సూచన చూసి రోజును ఎంచుకుంటాడు. ఐర్లండ్‌లో జూన్ నెలలో సూర్యుడు రాత్రి పదింటిదాకా దిగడు, తెల్లవారి ఐదుకల్లా మళ్లీ వచ్చేస్తాడు. అందుకే చాలామంది వేసవి మొదట్లో పొడుగు రోజులకోసం కాచుకుంటారు. ఇది సుఖం అనిపిస్తుంది కానీ, అందులో ఒక ముల్లుంది. తేదీ వేరేవాళ్లు పెట్టినప్పుడు వర్షాన్ని తిట్టుకోవచ్చు. తేదీ తనే పెట్టుకున్నవాడు పొగమంచు కమ్మితే ఎవరిని తిడతాడు?

ఇక దారి. కెర్రీలో నల్లటి గుంజ మీద పసుపు రంగులో నడిచే మనిషి బొమ్మా, బాణం గుర్తూ ఉంటాయి. ఐర్లండ్ అంతటా దూరపు కాలిబాటలకు అదే గుర్తు. ఈ బొమ్మకు ముఖం ఉండదు, వీపున సంచి మాత్రం ఉంటుంది. నూట యాభై కిలోమీటర్లు దాటినవాడికి, తలకు కట్టుకున్న దీపం వెలుగులో ఆ పసుపు బొమ్మ కనబడితే దాహానికి మజ్జిగ దొరికినట్టే. పందెంలో బుర్రకు పని తక్కువని దీనర్థం కాదు. నిద్రలేని కళ్లకు గొర్రెల కంచె గుంజ కూడా దారి గుంజలాగే కనబడుతుంది. ఒక మలుపు తప్పితే కిలోమీటర్లు వెనక్కి రావాలి. అయినా దారి అన్నది ఒకటి ఉంది, అది తన ముందే ఎక్కడో ఉంది అన్న భరోసా పందెగాడిది.

రౌండ్‌లో ఆ భరోసా లేదు. విక్లో కొండల మీద నేల అంటే చాలావరకు బ్లాంకెట్ బాగ్: వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లకుండా పేరుకున్న నాచూ గడ్డీ, నీళ్లు పీల్చిన స్పాంజిలా ఉండే నల్లటి పీట్ మట్టి. ఇటుకల్లా కోసి ఎండబెట్టి పొయ్యిలో కాల్చుకునే మట్టి ఇదే. దాన్ని నీళ్లు కోసిన చోట మనిషెత్తు గండ్లు పడి, నల్లటి గోడల మధ్య ఇరుకు సందుల్లా ఉంటాయి. పొగమంచులో ఆ సందుల్లో దిగినవాడికి దిక్సూచి తప్ప దిక్కు లేదు. నేరుగా వెళ్తే దూరం తక్కువ, బురద ఎక్కువ. చుట్టూ తిరిగి వెళ్తే నేల గట్టి, గంట నష్టం. లగ్నక్విలా పడమటి వాలున సైన్యం ఫిరంగుల అభ్యాసం చేసే స్థలం ఒకటుంది, అటు వెళ్లకూడదని హెచ్చరిక పలకలుంటాయి. కాబట్టి దారి ఎంచుకునే స్వేచ్ఛ కూడా హద్దుల్లేని స్వేచ్ఛ కాదు.

ఈ తేడా మన సాహిత్యం చదివినవారికి వెంటనే అందుతుంది. కెర్రీ వే ఒక కృతి లాంటిది. సాహిత్యం ఇచ్చేశారు, రాగం ఇచ్చేశారు, తాళం ఇచ్చేశారు. గాయకుడు ఒక్క అక్షరం మార్చడానికి వీల్లేదు. అయినా ఇద్దరు పాడితే రెండు కృతులవుతాయి, ఎందుకంటే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఎక్కడ నిలవాలో ఎవరూ రాసిపెట్టలేదు. విక్లో రౌండ్ అవధానంలో దత్తపది లాంటిది. పృచ్ఛకుడు నాలుగు పదాలిస్తాడు, అవి పద్యంలో వచ్చి తీరాలి, మిగిలినదంతా అవధాని అల్లుకోవాలి. విక్లోలో పృచ్ఛకుడు 26 పదాలిచ్చాడు, వరుస కూడా తనే చెప్పాడు. పదానికీ పదానికీ మధ్య పూరణమే పరుగెత్తేవాడి కవిత్వం. కృతి గొప్పదా, దత్తపది గొప్పదా అని వాదించేవాళ్లను పక్కన పెడదాం. రెండింటిలోనూ ధారణ ఒకటే: ముందు వచ్చేదాన్ని మనసులో పెట్టుకుని, ఇప్పుడున్న చోట తడబడకుండా ఉండటం.

చరిత్ర దగ్గరికి వస్తానన్నాను. కెర్రీ వే చాలాచోట్ల కొత్తగా తవ్విన దారి కాదు. కిలార్నీ నుంచి కెన్‌మేర్‌కు పోయే పాత బండిబాట, గ్లెన్‌బే దాటాక డ్రంగ్ కొండ భుజం మీదుగా గుర్రబ్బళ్లు నడిచిన రస్తా, బ్లాక్ వ్యాలీ దాటాక పశువులను సంతకు తోలుకెళ్లిన లాక్ రోడ్ దాన్లో భాగాలు. ఒకప్పుడు ఈ సీమ నుంచి వెన్న పీపాలు కార్క్ నగరపు మార్కెట్‌కు చేరేవి. పీపా మోసుకెళ్లేవాడు, గొడ్డును తోలుకెళ్లేవాడు శిఖరం ఎందుకెక్కుతాడు? కనుమ వెతుక్కుంటాడు. కెర్రీ వే శిఖరాన్ని తప్పించుకోవడంలో పిరికితనం లేదు, సంసారి లౌక్యం ఉంది. ఇప్పుడు ద్వీపకల్పం అంచున టూరిస్టు బస్సులు తిరిగే రింగ్ ఆఫ్ కెర్రీ రోడ్డు ఉంది. బస్సులు కూడా పందెగాళ్లలాగే గడియారానికి ఎదురు దిశలో తిరుగుతాయి. మోటారు ఆ రోడ్డుకు తరలిపోబట్టే లోపలి పాత దారి ఖాళీ అయింది. ఆ ఖాళీలోకి నడిచేవాళ్లు వచ్చారు, వాళ్ల వెనక పరుగెత్తేవాళ్లు వచ్చారు.

విక్లో కథ సంసారులది కాదు, పారిపోయినవాళ్లది. 1592 జనవరిలో ఐరిష్ బందీలు హ్యూ రో ఓడొనెల్, ఆర్ట్ ఓనీల్ తదితరులు డబ్లిన్ కోట చెర నుంచి తప్పించుకుని, మంచు కురుస్తున్న ఈ కొండల్లో పడి గ్లెన్‌మలూర్ లోయలోని ఐరిష్ నాయకుడు ఫియక్ మెక్‌హ్యూ ఓబర్న్ అండకోసం పరుగెత్తారు. చలికి ఆర్ట్ ఓనీల్ దారిలోనే చనిపోయాడు. ఓడొనెల్ ప్రాణంతో చేరాడు కానీ కాలి బొటనవేళ్లు పోగొట్టుకున్నాడు. బ్రిటిష్ పాలన మీద లేచిన 1798 తిరుగుబాటు అణిగాక, అందులో పోరాడిన మైకల్ డ్వయర్ మనుషులు ఏళ్లపాటు ఇక్కడే దాక్కున్నారు. వాళ్లను పట్టడానికే బ్రిటిష్ ప్రభుత్వం 1800లో ఈ కొండల నడుమ మిలిటరీ రోడ్డు వేయడం మొదలుపెట్టింది. అంటే కెర్రీలో దారి బతుకు తెచ్చింది, విక్లోలో దారి తలారిని తెచ్చింది. ఒకచోట దారి పట్టడం తెలివి, ఇంకోచోట దారి తప్పించడం తెలివి. పందెం మొదటి తెలివికి వారసత్వం, రౌండ్ రెండోదానికి. విచిత్రం ఏమిటంటే, తిరుగుబాటుదార్లను వేటాడటానికి వేసిన ఆ మిలిటరీ రోడ్డు పక్కనే ఇవాళ మిత్రులు కార్లు ఆపుకుని, కొండ దిగివచ్చే మనిషికోసం ఫ్లాస్కులో వేడి సూప్‌తో కూర్చుంటున్నారు.

ఆర్ట్ ఓనీల్ పేరుతో జనవరి నడిరాత్రి డబ్లిన్ కోట దగ్గర బయల్దేరి గ్లెన్‌మలూర్ చేరే పరుగు కూడా ఉంది, యాభై కిలోమీటర్ల పైచిలుకు. అది మన రెండు పరుగులకూ మధ్య వంతెన లాంటిది. పందెంలాగే దానికి తేదీ ఉంది, గుంపు ఉంది. రౌండ్‌లాగే అది కొండల మీదికెక్కాక గుర్తుల్లేని చీకట్లోకి తోస్తుంది. నాలుగు శతాబ్దాల కిందటి చలిని సరదాకి కొని తెచ్చుకోవడం ఏమిటని అడగవచ్చు. ఎవరి కాళ్లతో వాళ్లు చదివితే తప్ప అందని పుటలు చరిత్రలో కొన్ని ఉంటాయేమో.

ఓటమి దగ్గర రెండింటి స్వభావం ఇంకా తేటగా తెలుస్తుంది. కెర్రీలో ఓటమి పదిమంది ముందు జరుగుతుంది. మజిలీ గడువు దాటాక చేరినవాడి భుజం మీద ఎవరో ఒకరు చెయ్యేస్తారు, దుప్పటి కప్పుతారు, టీ పోస్తారు. విక్లోలో ఓటమికి సాక్షులుండరు. బాబ్ గ్రాహమ్ రౌండ్‌లో శిఖరాలమీద తోడున్నవాళ్లు సాక్ష్యం చెబుతారు. విక్లోలో ఎక్కిన వేళలు రాసుకునే చెయ్యి ఎక్కినవాడిదే. కాబట్టి ఆగిపోవాలన్న నిర్ణయాన్ని కూడా ఆ చెయ్యే రాసుకోవాలి. మోయిరా ఓసలివాన్ 2008లో ప్రయత్నించి నెగ్గలేకపోయింది. మరుసటి ఏడాది మళ్లీ వెళ్లి 22 గంటల 58 నిమిషాల్లో చుట్టి వచ్చింది. విక్లో రౌండ్‌ను పూర్తిచేసిన మొట్టమొదటి మనిషి ఆమే. ఆడవాళ్లలో మొదటివ్యక్తి అని కాదు, అందరిలోనూ. గడువుకు మిగిలింది ఒక గంటా రెండు నిమిషాలు. ఆ కథను ఆమె ‘మడ్, స్వెట్ అండ్ టియర్స్’ అనే పుస్తకంగా రాసింది. దత్తపదికి పూరణ చెప్పలేక లేచిపోయి, ఏడాది తిరిగాక అదే సభకు వచ్చి పద్యం చెప్పినట్టు.

అలాగే, రెండింటికీ అంటిన ఒక అపోహ కూడా ఒకటే: అందం. పోస్టర్ల మీద పచ్చటి లోయా, నీలి సరస్సూ, ఇంద్రధనుస్సూ ఉంటాయి. కెర్రీ పందెగాడు స్నీమ్ చేరేసరికి చాలాసార్లు చీకటే. సముద్రం వినబడుతుంది, కనబడదు. రౌండ్ వెళ్లేవాడు గ్లెన్‌డలాక్ పైనుంచి పోతున్నప్పుడు కింద ఆరో శతాబ్దపు సాధువు కెవిన్ స్థాపించిన మఠం, జంట సరస్సులు ఉన్నాయని అతనికి తెలుసు. కానీ అతని కన్ను మూడడుగుల ముందున్న హెదర్ పొద మీదే ఉంటుంది. చూడటానికే వస్తే బస్సు మేలు. వీళ్లకు ఆ నేల కంటికి కాదు, అరికాలికి తెలుస్తుంది: ఇక్కడ రాయి, ఇక్కడ నాచు, ఇక్కడ నీళ్లున్నాయి జాగ్రత్త. పొలం గట్టు మీద చీకట్లో నడిచే రైతుకు తెలిసే జాతి తెలివి అది.

నేల ఎవరిదన్న ప్రశ్న దగ్గర రెండు దారులూ ఒకదాన్నొకటి తాకడం మొదలవుతుంది. ఐర్లండ్‌లో కనబడిన కొండమీదల్లా తిరిగే హక్కు చట్టంగా లేదు. గుర్తులు పాతిన దారి కూడా చాలాచోట్ల రైతు పొలంలోంచి, అతని అనుమతితోనే పోతుంది. 2008లో మొదలైన వాక్స్ స్కీమ్ కింద ప్రభుత్వం అలాంటి రైతులకు దారి బాగోగులు చూసినందుకు డబ్బు ఇస్తోంది. పొద నరికి, గట్టు మెట్టు సరిచేసే ఆ చెయ్యి రెండేళ్లు ఆగితే ముళ్ల గోర్స్ పొదలు దారిని మింగేస్తాయి, పసుపు బొమ్మ ఒరిగిపోతుంది, కెర్రీ పందెగాడు రౌండ్ వెళ్లేవాడిలా వెతుక్కోవాల్సి వస్తుంది. అటు విక్లోలో దీనికి తలకిందుల ప్రమాదం. అందరూ ఒకే మంచి అడ్డదారిని కనిపెడితే, మెత్తటి బాగ్ మీద ఆ అడుగులే గాడిపడి, గాడి కాలువై, గుర్తుల్లేని చోట గుర్తు పుడుతుంది. ఇవ్వని దారి వాళ్ల కాళ్ల కిందే దారైపోతుంది.

దారి పుట్టేది అలాగే అని చెప్పడానికి విక్లోలోనే ఒక మనిషి ఉన్నాడు. జె.బి. మలోన్ డబ్లిన్ పత్రికలో కొండల్లో నడక గురించి ఏళ్ల తరబడి శీర్షిక రాశాడు. ఎక్కడ కంచె దాటవచ్చో, ఎక్కడ నేల గట్టిగా ఉందో తన బూట్లతో తెలుసుకున్నాడు. 1966లో, ఈ నడకలన్నీ కలిపి ఒక పొడవైన దారి చేయవచ్చని రాశాడు. 1980లో దాని మొదటి భాగం తెరిచారు. డబ్లిన్ శివారు మార్లే పార్క్ నుంచి కార్లో జిల్లా క్లోనగాల్ దాకా దాదాపు 130 కిలోమీటర్ల విక్లో వే అది. ఐర్లండ్‌లో గుర్తులు పాతిన మొదటి దూరపు కాలిబాట. కెర్రీ వే లాంటివన్నీ దాని తర్వాత వచ్చినవే. అంటే ఐర్లండ్‌లో పసుపు బొమ్మ వరుసకు తొలి గుంజ పడకముందు ఒకాయన అక్కడ గుర్తుల్లేకుండానే తిరిగాడు. పందెగాడు నమ్ముకునే బాణం, వెనక్కి వెళ్లి చూస్తే, ఎవరో ఒకరి పూరణమే. డ్రంగ్ కొండ మీద మొదటి బండిని నడిపినవాడి పేరు మనకు దొరకదు కానీ అతనూ ఒకప్పుడు నేలను అడిగే ముందుకు పోయి ఉంటాడు.

1989లో మలోన్ పోయాడు. లాక్ టే సరస్సు పైన విక్లో వే పక్కన ఆయన పేర ఒక రాయి ఉంది. అక్కడికి దగ్గర్లోనే, జౌస్ కొండ భుజం మీద, బాగ్ నలిగిపోకుండా పాత రైలు స్లీపర్లు పరిచి కట్టిన సన్నటి బాట ఉంటుంది. జౌస్ రౌండ్ జాబితాలో ఉన్న శిఖరం. 26లో చాలావాటిని దాటి, ఇరవై గంటలకు పైగా తన దారి తనే వెతుక్కుంటూ వచ్చినవాడి కాళ్లు ఇక్కడ ఒక్కసారిగా చెక్క మీద పడతాయి. కాసేపు ఏమీ ఎంచుకోనక్కర్లేదు. పాదం పడే చోటు ముందే ఎవరో పరిచి ఉంచారు. ఆ కాసేపూ అతను కెర్రీ పందెగాడిలాగే స్లీపరు తర్వాత స్లీపరు లెక్కపెట్టుకుంటూ పోతాడు. తర్వాత జౌస్ శిఖరం ఎడమ పక్కన కనబడుతుంది. అతను చెక్క దిగి, గడ్డిలోకి అడుగు వేస్తాడు.